పగటివేషం కట్టిన టెలిటైపు

"అన్నా, బటన్ నొక్కితే నల్ల విండో వస్తోంది. చూసేలోపే పోతోంది."

మధ్యాహ్నం భోజనాలయ్యాక నా కుర్చీ పక్కన నిలబడి ఈ మాట అన్న అమ్మాయి ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. పైథాన్‌లో చిన్న టూల్ రాస్తోంది. స్క్రీన్ మీద ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే వేరే టెర్మినల్ విండో తెరుచుకోవాలి, అందులో లాగ్ చూపించే ఇంకో ప్రోగ్రాం నడవాలి. అంతే పని. రెండు లైన్ల కోడ్ అనుకుని పొద్దున మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి నలభై లైన్లయ్యాయి. విండో మాత్రం అలా మెరిసి ఇలా మాయమవుతోంది.

నాకు నవ్వొచ్చింది, ఆ అమ్మాయిని చూసి కాదు, టర్బో సీ గుర్తొచ్చి. మా రోజుల్లో మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చెప్పులు బయట విడిచి కంప్యూటర్ ల్యాబులోకి అడుగుపెట్టిన వాళ్లందరికీ ఒక మంత్రం కంఠతా వచ్చు. ప్రోగ్రాం చివర గెట్చ్ అని రాయాలి. ఎందుకంటే సీనియర్ రికార్డులో అలాగే ఉంది కాబట్టి. అది రాయకుండా కంట్రోల్ ఎఫ్9 కొడితే నీలం తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ నీలమైపోయేది. ఆన్సర్ వచ్చిందో లేదో ఎవరికీ తెలిసేది కాదు. జరిగేదేమిటంటే, టర్బో సీ తన తెరను పక్కకు లాగి మన ప్రోగ్రాంకు జాగా ఇచ్చేది, అది ముగియగానే మళ్లీ తన తెర దించేది. గెట్చ్ అంటే మనిషి ఏదో ఒక కీ నొక్కేదాకా ఆగమనడం. ఆల్ట్ ఎఫ్5 కొడితే ఆ నల్ల తెరను మళ్లీ చూడొచ్చని నాకు మూడో సంవత్సరంలో తెలిసింది. అప్పటికి వందసార్లు గెట్చ్ రాసి ఉంటాను.

ఆ అమ్మాయి విండో పోవడానికి కారణమూ అదే. లోపలి ప్రోగ్రాంకు లాగ్ ఫైలు కనబడలేదు. తప్పు చెప్పి ముగిసిపోయింది. దానికోసమే తెరిచిన విండోకు ఇక పని లేదు, అదీ మూసుకుపోయింది. చివర ఒక ఎంటర్ కొట్టేదాకా ఆగేలా షెల్ కమాండ్ చేర్చమన్నాను. "అంతేనా?" అంది. అంతే కాదని మూడు రోజుల్లో ఇద్దరికీ తెలిసొచ్చింది. ఒక ప్రోగ్రాం లోంచి ఇంకో ప్రోగ్రాంను విండోలో లేపడమంటే ఒక పని కాదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాలకు, చేతికి అందినదానితో చేసుకున్న సర్దుబాట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. విండో చూస్తే అవేవీ కనబడవు.

అట్టడుగున ఉన్న సర్దుబాటు 1969 నాటిది. ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్‌లతో కలిసి మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ కట్టబోయిన బెల్ ల్యాబ్స్ ఆ ఏడాది ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. న్యూజెర్సీలోని ముర్రే హిల్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ వగైరాలకు ఆడుకోవడానికి మంచి యంత్రం లేకుండా పోయింది. ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 ఒకటి దొరికింది. 18 బిట్ల పదాలు, అలాంటివి 8 వేల చిల్లర పట్టే మెమరీ. ఇప్పుడు మన వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటీ అందులో పట్టదు. వాళ్లు దాని మీద రాసిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు అదే పురిటి మంచం.

ఆ తొలి యూనిక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రాం, అంటే ప్రాసెస్, ఇంకో ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్ లేదు. రెండు టెర్మినళ్లుండేవి, ఒక్కో టెర్మినల్‌కు ఒక్క ప్రాసెస్. మనిషి కొట్టిన కమాండును చదివేది షెల్. ఆ పేరు మల్టిక్స్ కాలంలో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఎంఐటీలో పనిచేసిన లూయీ పూజాఁ పెట్టింది. కమాండు చదివాక షెల్ చేసే పని గమ్మత్తుగా ఉండేది. కావలసిన ప్రోగ్రాం ఫైలును తెరిచి, మెమరీ పై చివర ఒక చిన్న కోడ్ ముక్కను పెట్టి, అందులోకి దూకేది. ఆ ముక్క కొత్త ప్రోగ్రాంను డిస్కు నుంచి తెచ్చి, షెల్ ఉన్నచోటే, షెల్ మీదే పరిచేసేది. అంటే షెల్ తన చేతులతో తానే తుడిచిపెట్టుకుపోయేది. మన విక్రమార్కుడి కథల్లో పరకాయ ప్రవేశం ఉందే, అచ్చం అదే. ఒళ్లు అదే, లోపలి ప్రాణం వేరు. ప్రోగ్రాం పని ముగించుకుని ఎగ్జిట్ అనగానే సిస్టమ్ డిస్కు నుంచి తాజా షెల్‌ను తెచ్చి మళ్లీ అదే ఒంట్లోకి ఎక్కించేది.

ఇది ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తే, డాస్ వాడిన వయసు మీదన్నమాట. డాస్ షెల్ అయిన కమాండ్ డాట్ కామ్‌లో ఒక భాగం మెమరీలో కదలకుండా కూర్చునేది, ఇంకో భాగాన్ని ప్రోగ్రాంలు కావలిస్తే తొక్కేసుకోవచ్చు. ప్రోగ్రాం ముగిశాక ఆ తొక్కేసిన భాగాన్ని ఫ్లాపీ నుంచి మళ్లీ చదివేది. మనం ఈలోపు ఫ్లాపీ మార్చేసి ఉంటే, కమాండ్ డాట్ కామ్ ఉన్న డిస్కు పెట్టి ఏదో ఒక కీ నొక్కండని అడిగేది. హార్డ్ డిస్కు లేని ల్యాబు యంత్రాల మీద ఆ డిస్కు కోసం వరస మొత్తం వెతుక్కున్న సందర్భాలున్నాయి. ఒకే ప్రాణానికి సరిపోయే చిన్న ఇల్లు ఎవరు కట్టినా, ఒకరొస్తే ఇంకొకరు బయటికి నడవాల్సిందే.

ఈ పద్ధతిలో ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను లేపడం కుదరదు. లేపినవాడు మిగలడు మరి. ఎడిటర్‌లో పని చేసుకుంటూ మధ్యలో ఇంకో కమాండు నడిపి వెనక్కి రావాలన్నా, ఒక పనిని పక్కన నడవనిచ్చి ఇంకో పని మొదలుపెట్టాలన్నా ఇద్దరు కావాలి. ఒకడు ఉండాలి, ఒకడు పోవాలి.

ఆ ఇద్దర్ని చేసే మాటే ఫోర్క్. మాట థాంప్సన్‌ది కాదు. ఒక పని రెండు పాయలుగా చీలడాన్ని ఫోర్క్ అనీ, ఆ పాయలు మళ్లీ కలవడాన్ని జాయిన్ అనీ 1963లో మెల్విన్ కాన్వే రాశాడు. బర్క్లీలో ఎస్‌డీఎస్ 930 యంత్రం మీద కట్టిన జీనీ అనే టైమ్ షేరింగ్ సిస్టమ్‌లో ఫోర్క్ ఉంది. థాంప్సన్ చదివింది బర్క్లీలోనే. అయితే ఆ బీజం అక్కడ పడిందని చెప్పినంత మాత్రాన కథ పూర్తవదు. ఫోర్క్ యూనిక్స్‌లోకి రావడానికి రిచీ తర్వాత చెప్పిన కారణం ఇంకా మామూలుది. పెద్దగా ఏదీ మార్చకుండా సులువుగా రాయగలిగారు, అందుకే వచ్చింది.

ఎంత సులువంటే, పీడీపీ-7 అసెంబ్లీలో సరిగ్గా 27 లైన్లు.

అదెలా కుదిరిందో చూడాలి. మెమరీ చిన్నది కాబట్టి ఒక టెర్మినల్ ప్రాసెస్‌ను డిస్కు మీదికి పంపి ఇంకోదాన్ని లోపలికి తెచ్చే ఏర్పాటు అప్పటికే ఉంది. ఫోర్క్ ఆ ఏర్పాటునే వాడుకుంది. నడుస్తున్న ప్రాసెస్‌ను డిస్కు మీదికి రాయమంది, కానీ మెమరీలో ఉన్నదాన్ని తీసేయలేదు. ఇప్పుడు ఒకటి డిస్కు మీద, ఒకటి మెమరీలో. కవలలు. ప్రాసెస్‌ల పట్టికలో ఇంకో వరస చేర్చారు, అయిపోయింది. పరకాయ ప్రవేశం చేసే ముక్క షెల్‌లో ముందే ఉంది కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు. పుట్టించడం వేరు, ప్రాణం మార్చడం వేరు అని యూనిక్స్ ఈనాటికీ రెండు సిస్టమ్ కాల్స్ పెట్టుకోవడం వెనక తాత్విక చింతన ఉందని క్లాసుల్లో చెబుతుంటారు. నాకైతే ఆ మాట మీద నమ్మకం లేదు. ఉన్న ముక్కకు కొత్త ముక్క అతికించారు, అతుకు బాగా కుదిరింది.

కుదిరిన తీరు మాత్రం అద్భుతం, కాదనను. ఫోర్క్‌ను ఒకసారి పిలిస్తే రెండుసార్లు తిరిగొస్తుంది. తండ్రికి బిడ్డ నంబరు చెబుతుంది, బిడ్డకు సున్నా చెబుతుంది. బిడ్డ ఆ సున్నా చూసుకుని, కొత్త ప్రాణం ఎక్కించుకునేలోపు తన ఇల్లు తనకు కావలసినట్టు సర్దుకోవచ్చు. ఔట్‌పుట్‌ను ఫైలుకు మళ్లించుకోవచ్చు, ఇన్‌పుట్‌ను ఇంకోచోట నుంచి తెచ్చుకోవచ్చు. తండ్రికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఈ చిన్న సందులోంచే తర్వాతి కథంతా నడిచింది.

బిడ్డ పని ముగిసేదాకా తండ్రి ఆగడానికి మొదట్లో వెయిట్ అనే కాల్ లేదు. ప్రాసెస్‌లు ఒకదానికొకటి సందేశం పంపుకునే సదుపాయం ఒకటుండేది. షెల్ తన బిడ్డకు ఒక సందేశం పంపేది. బిడ్డ దాన్ని ఎప్పటికీ చదవదు. చదివేదాకా షెల్ అక్కడే ఆగి ఉంటుంది. బిడ్డ పోగానే ఆ సందేశం, ఆ విలాసంలో ఎవరూ లేరన్న పోస్టుమాన్ రాతతో తిరిగొచ్చిన ఉత్తరంలా, తప్పు కోడ్‌తో వెనక్కొచ్చేది. ఓహో పని అయిందన్నమాట అని షెల్ అర్థం చేసుకునేది. చదవని ఉత్తరమే చావు కబురు. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ మహా గడుసు ఆలోచన.

ఫోర్క్ పనిచేసిందన్న సంబరంలో ఉండగానే ఇంకో వింత. డైరెక్టరీ మార్చే కమాండు పనిచేయడం మానేసింది. ఫోర్క్ చేర్చితే ఇదెందుకు చెడిందో తెలియక కోడ్ అంతా తిరగేశారట. కోడ్‌లో తప్పు లేదు. ఆ కమాండు కూడా అన్నిటిలాగే ఒక మామూలు ప్రోగ్రాం. ఇదివరకు టెర్మినల్‌కు ఉన్న ఒకే ఒక్క ప్రాసెస్ ఒంట్లో నడిచేది, డైరెక్టరీ మారేది. ఇప్పుడు దానికోసం బిడ్డ పుడుతోంది, బిడ్డ బుద్ధిగా తన డైరెక్టరీ మార్చుకుంటోంది, వెంటనే చనిపోతోంది. తండ్రి ఉన్నచోటే ఉన్నాడు. చివరికి దాన్ని షెల్ తానే స్వయంగా చేసే పనుల్లో చేర్చారు. అప్పటినుంచి ఇప్పటిదాకా అన్ని షెళ్లలోనూ సీడీ కమాండు షెల్ కడుపులోనే ఉంది.

రెండో రోజు ఆ అమ్మాయి నా దగ్గరికి తెచ్చిన సమస్య ఇదే, అర్ధశతాబ్దం ఆలస్యంగా. పైథాన్‌లో సిస్టమ్ అనే ఫంక్షన్‌కు సీడీ కమాండు ఇచ్చింది, తర్వాతి లైనులో ఇంకో కమాండు ఇచ్చింది. "డైరెక్టరీ మారనే లేదన్నా, ఎర్రరూ లేదు" అంది. సిస్టమ్ ఫంక్షన్ చేసేది ఫోర్క్, బిడ్డలో ఒక షెల్‌ను ఎక్కించి మన కమాండు దాని చేతికివ్వడం, అది ముగిసేదాకా ఆగడం. ఒక షెల్ వెళ్లి డైరెక్టరీ మార్చుకుని పోయింది. ఇంకో షెల్ కొత్తగా పుట్టి పాత చోటే నిలబడింది. లాగ్ ఫైలు మొదటిరోజు కనబడకపోవడానికీ మూలం ఇక్కడే ఉంది. థాంప్సన్, రిచీలే తల పట్టుకున్నారమ్మా అని చెబితే ఆ అమ్మాయి ముఖం కొంచెం తేటపడింది.

ఫోర్క్‌కు తిట్లు పడలేదనుకోకండి. పీడీపీ-7లో నాలుగు వేల పదాలు డిస్కుకు రాయడం ఒక లెక్క, వ్యాక్స్ లాంటి యంత్రాల మీద పెద్ద ప్రోగ్రాంను మొత్తం కాపీ చేసి మరుక్షణమే పారేయడం ఇంకో లెక్క. 1979లో బర్క్లీవాళ్లు కాపీ చేయకుండా తండ్రి మెమరీనే బిడ్డకు అరువిచ్చే వీఫోర్క్ తెచ్చారు. తర్వాత రాసినప్పుడే కాపీ చేసే పద్ధతులొచ్చాయి, పుట్టించడం, ప్రాణం మార్చడం కలిపి ఒకే కాల్‌గా పాసిక్స్ స్పాన్ వచ్చింది. 2019లో ఆండ్రూ బౌమన్‌తో పాటు ముగ్గురు పరిశోధకులు ఒక సదస్సులో ఫోర్క్ కాలం చెల్లిందనీ, దాన్ని పాఠాల్లో చరిత్రగానే చెప్పాలనీ గట్టిగా వాదించారు. వాదనలో బలముంది. థ్రెడ్‌లు నడుస్తున్న ప్రోగ్రాంలో ఫోర్క్ చేసి చేతులు కాల్చుకున్నవాళ్లెవరూ కాదనరు. నేనూ ఒకసారి కాల్చుకున్నాను. అయినా నేను వాడే యంత్రాల్లో ప్రతి విండో దాని మీదుగానే తెరుచుకుంటోంది.

విండో అన్నాను కదా. ఇంతవరకూ కథలో విండో లేదు. మనిషి ఎదురుగా ఉన్నది టెలిటైపు.

టెలిటైప్ మోడల్ 33 అంటే తెర లేని టెర్మినల్. టైపు మిషన్‌కు కాగితం చుట్ట తగిలించినట్టుండేది. సెకనుకు 10 అక్షరాలు, అన్నీ పెద్దబడి అక్షరాలే. మనిషి కొట్టిందీ కంప్యూటర్ చెప్పిందీ అదే కాగితం మీద టకటకమంటూ పడేది. యూనిక్స్‌లో టెర్మినల్‌ను టీటీవై అని పిలవడం ఆ టెలిటైపు పేరును కుదించగా వచ్చిందే. కెర్నెల్ లోపల ఈ టీటీవై ఉత్త తీగ కాదు, ఆఫీసు గుమ్మంలో కూర్చున్న గుమాస్తా. మనం కొట్టిన అక్షరాలను ఎంటర్ కొట్టేదాకా తన దగ్గరే ఉంచుకుంటాడు. తప్పు కొట్టి దిద్దుకుంటే తానే దిద్దుతాడు. కంట్రోల్ సీ కొడితే దాన్ని లోపలికి పంపడు, దాని బదులు ముందు వరసలో నడుస్తున్న ప్రాసెస్‌ల గుంపు మొత్తానికి ఆపమని కబురు కొడతాడు. ఆ గుంపు అన్న మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ప్రోగ్రాంలు ఈ గుమాస్తాకు ఎంతగా అలవాటు పడ్డాయంటే, ఎదుట టీటీవై ఉందో లేదో ముందు వాకబు చేసుకుని నడవడిక మార్చుకుంటాయి. ఎల్ఎస్ కమాండు టెర్మినల్ ముందు పేర్లను నిలువు వరసల్లో సర్ది చూపిస్తుంది. అదే పైపులోకి, అంటే టెర్మినల్ బదులు ఇంకో ప్రోగ్రాంకు, పంపితే లైనుకొక పేరే. రంగులు వేసే ప్రోగ్రాంలు పైపు కనబడగానే రంగులు మానేస్తాయి. సీ లైబ్రరీ అయితే టెర్మినల్ ఉంటే లైను లైనుకూ పంపుతుంది, లేకపోతే బఫర్ నిండేదాకా ఒక్క అక్షరం కక్కదు. ప్రోగ్రాంను పైపుతో నడిపి "హ్యాంగ్ అయిందండీ" అని మొరపెట్టుకున్నవాళ్లలో సగం మంది ప్రోగ్రాంలు నిజానికి బాగానే నడుస్తుంటాయి. ఔట్‌పుట్ బఫర్‌లో మగ్గుతుంటుంది, అంతే.

మరి నెట్‌వర్క్ మీద దూరం నుంచి ఇంకో యంత్రంలోకి లాగిన్ అయినవాడికి ఏ తీగా లేదు, ఏ టెలిటైపూ లేదు. ప్రోగ్రాంలేమో టీటీవై ఏదని అడుగుతాయి. ఏం చేయాలి?

చిన్నప్పుడు మా ఊరికి పగటివేషగాళ్లొచ్చేవాళ్లు. ఒకరోజు పోలీసు ఇన్‌స్పెక్టర్ వేషంలో ఒకాయన వచ్చి కిరాణా కొట్టు ముందు నిలబడితే, శెట్టిగారు లేచి నమస్కారం పెట్టి తూకం రాళ్లు చూపించాడు. టోపీ, లాఠీ, నడక, గద్దింపు అన్నీ ఉన్నాయి. తెలిసినవాళ్లు పక్కన నిలబడి నవ్వుకుంటున్నారు. శెట్టిగారికి కావలసింది ఇన్‌స్పెక్టర్ కాదు, ఇన్‌స్పెక్టర్‌లా కనబడేవాడు.

యూనిక్స్‌లో ఆ వేషం పేరు సూడో టెర్మినల్, ముద్దుగా పీటీవై. రెండు కొసలున్న గొట్టం అనుకోండి. ఒక కొసన చూస్తే అచ్చం టీటీవై. గుమాస్తా ఉంటాడు, కంట్రోల్ సీ పనిచేస్తుంది, వాకబు చేస్తే నేను టెర్మినల్‌నే అని చెబుతుంది. రెండో కొస మాత్రం తీగకు కాకుండా ఇంకో ప్రోగ్రాం చేతిలో ఉంటుంది. ఇటు ప్రోగ్రాం రాసింది అటు ప్రోగ్రాం చదువుతుంది, అటు ప్రోగ్రాం రాసింది ఇటు మనిషి కీబోర్డు కొట్టినట్టు కనబడుతుంది. 1983లో వచ్చిన బర్క్లీ యూనిక్స్ 4.2లో ఇది ఉంది, దూరపు లాగిన్లకు ఇదే ఆధారం. ఆ రోజుల్లో వేషాలు ముందే కుట్టి వరసగా తగిలించి ఉంచేవారు. కావలసిన ప్రోగ్రాం ఒక్కో పేరూ తెరిచి చూస్తూ, ఖాళీగా ఉన్నది దొరికేదాకా తడుముకోవాలి. అడిగిన వెంటనే కొత్త జత కుట్టిచ్చే పీటీఎంఎక్స్ పద్ధతి తర్వాత వచ్చింది. ఇంకో పక్క, ఈ గొట్టం రెండో కొసన మనిషి బదులు స్క్రిప్టును కూర్చోబెట్టొచ్చని కనిపెట్టిన డాన్ లైబ్స్ 1990లో ఎక్స్‌పెక్ట్ అనే సాధనం ప్రకటించాడు. పాస్‌వర్డు మనిషే కొట్టాలని పట్టుబట్టే ప్రోగ్రాంలకు కూడా అది టోపీ పెట్టేది.

రెండో కొస పట్టుకున్న ప్రోగ్రాం వచ్చిన అక్షరాలను నెట్‌వర్క్‌లోకి తోయకుండా, ఒక కిటికీలో బొమ్మగా గీస్తే? అదే టెర్మినల్ విండో.

వాటిలో పెద్దన్న ఎక్స్‌టెర్మ్. పుట్టినప్పుడు దానికి తన కిటికీ సిస్టమ్ ఏదో కూడా తెలియదు. 1984 వేసవిలో జిమ్ గెటిస్ దగ్గర పనిచేస్తున్న మార్క్ వాండ్‌వూర్డ్ అనే విద్యార్థి డెక్ కంపెనీ వ్యాక్స్‌స్టేషన్ 100 డిస్‌ప్లే కోసం విడి టెర్మినల్ ప్రోగ్రాం ఒకటి మొదలుపెట్టాడు. అదే వేసవిలో ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, గెటిస్ ఎక్స్ విండో సిస్టమ్ పనిలో ఉన్నారు. ఈ ప్రోగ్రాం విడిగా ఉండేకంటే ఎక్స్‌లో ఉంటేనే ఎక్కువ ఉపయోగమని గెటిస్‌కు అనిపించింది, అటు మళ్లించారు. ఒకే ప్రాసెస్ పలు డిస్‌ప్లేలను నడపాలన్నది మొదటి ఆలోచన. ఆ ఆలోచన పోయింది, దానికోసం రాసిన కోడ్ అల్లిక మిగిలింది. ఎక్స్‌టెర్మ్ లోపల చూస్తే భయమేయడానికి కొంత కారణం అదేనని గెటిస్ తానే చెప్పుకున్నాడు. 1996 నుంచి థామస్ డికీ దాన్ని సాకుతున్నాడు. ఇంటికి పెద్దలు వేసిన పునాది వంకరగా ఉన్నా, మీద అంతస్తు వేసేవాడు గోడలు దానికి తగ్గట్టే లేపుకోవాలి కదా.

ఎక్స్‌టెర్మ్ చివర మైనస్ ఈ అని పెట్టి ప్రోగ్రాం పేరు రాస్తే, కొత్త విండో తెరిచి అందులో ఆ ప్రోగ్రాంనే నడుపుతుంది. ఆ ఒక్క అక్షరం వెనక జరిగేదంతా మనం ఇప్పటిదాకా చెప్పుకున్నదే. ఎక్స్‌టెర్మ్ కొత్త పీటీవై జత ఒకటి తీసుకుంటుంది. ఫోర్క్ చేస్తుంది. బిడ్డ పాత టెర్మినల్‌తో తెగతెంపులు చేసుకుని, గొట్టం వేషపు కొసను తన సొంత టెర్మినల్‌గా పట్టుకుని, ఇన్‌పుట్, ఔట్‌పుట్, ఎర్రర్ మూడింటినీ దానికే తగిలిస్తుంది. ఇదంతా పుట్టుకకూ పరకాయ ప్రవేశానికీ మధ్య ఉన్న ఆ చిన్న సందులోనే. తర్వాత ఎగ్జెక్, అంటే ఆ పరకాయ ప్రవేశం చేయించే కాల్. లోపలికొచ్చిన ప్రోగ్రాం కళ్లు తెరిచేసరికి ఎదురుగా టెలిటైపు కూర్చుని ఉంటుంది. శెట్టిగారిలా లేచి నమస్కారం పెడుతుంది. తండ్రి ఎక్స్‌టెర్మ్ రెండో కొస దగ్గర కూర్చుని వచ్చిన ప్రతి అక్షరాన్నీ గీస్తుంటుంది. గీసేటప్పుడు వేసేది 33 వేషం కాదులెండి, డెక్ కంపెనీ వీటీ వరస టెర్మినళ్ల వేషం, మామూలుగా 80 అక్షరాల వెడల్పు, 24 వరసలు.

విండోస్‌లో కథ ఇంకోలా నడిచింది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీలో ఫోర్క్ దారి పట్టలేదు. క్రియేట్‌ప్రాసెస్ అనే ఒక్క కాల్, పది పారామీటర్లు, వాటిలో ఒకదాంట్లో కొత్త కన్సోల్ కావాలని ఒక ఫ్లాగు. అది పెడితే నల్ల విండో తనంతట తానే వస్తుంది. వాడేవాడికి యూనిక్స్ కంటే ఇదే సుఖం, ఒప్పుకోవాలి. చిక్కల్లా ఆ నల్ల విండో సిస్టమ్ సొత్తు కావడం. గొట్టం రెండో కొస బయటివాళ్లకు ఇవ్వలేదు. అందుకని మంచి టెర్మినల్ రాయాలనుకున్నవాళ్లు ఏం చేశారంటే, అసలు కన్సోల్‌ను కనబడకుండా దాచి, దాని తెర మీద ఏం మారిందో మాటిమాటికీ తొంగిచూసి, అదే బొమ్మను తమ విండోలో మళ్లీ గీసేవారు. ఏళ్ల తరబడి ఇదే తంతు. 2018లో మైక్రోసాఫ్ట్ కాన్‌పీటీవై పేరుతో ఆ రెండో కొసను బయటపెట్టింది. బర్క్లీ పీటీవై తర్వాత 35 ఏళ్లకు. 2019లో ప్రకటించిన విండోస్ టెర్మినల్ నిలబడింది దాని మీదే.

మూడో రోజు. ఆ అమ్మాయి పనిచేసేది లైనక్స్ మీద, గ్నోమ్ టెర్మినల్‌తో. "విండో తెరుచుకునే ఉందన్నా, లాగ్ వస్తూనే ఉంది. నా కోడ్ మాత్రం అది ముగిసిపోయిందంటోంది" అంది. ఈసారి నేనూ కాసేపు బుర్ర గోక్కున్నాను. తర్వాత వెలిగింది. ఎక్స్‌టెర్మ్‌లో లేపినవాడే విండో నడుపుతాడు. గ్నోమ్ టెర్మినల్‌లో వెనకాల ఒక సర్వర్ ఉంటుంది, అన్ని విండోలూ దానివే. మనం లేపిన ప్రాసెస్ ఆ సర్వర్‌కు కబురు చెప్పి వెంటనే ఇంటికెళ్లిపోతుంది. టీ కొట్టుకు కుర్రాణ్ణి పంపితే ఆర్డర్ చెప్పేసి వచ్చేశాడు, టీ ఇంకా పొయ్యి మీదే ఉంది. వాడొచ్చాడు కాబట్టి టీ తాగేశామని రాసుకుంటే ఎట్లా? దానికి వెయిట్ అనే ఆప్షన్ ఉంది. ఆ సంగతి తెలిసి పెట్టాక కోడ్ కుదుటపడింది.

సాయంత్రం కొత్త విండోలో టీటీవై అని కొట్టి చూడమన్నాను. పీటీఎస్ కింద నాలుగో నంబరు అని చెప్పింది. టెలిటైపు అంటే ఏమిటని అడిగితే ఫోనులో ఒక పాత మోడల్ 33 నడుస్తున్న వీడియో పెట్టాను. ఆ టకటకకు పక్క సీట్లోవాళ్లు తలలు తిప్పారు. "ఇంత గోలా?" అని నవ్వి, తన సీటుకెళ్లి బటన్ నొక్కింది. విండో వచ్చింది, లాగ్ పరుగెత్తింది. ఆపుదామని కంట్రోల్ సీ కొట్టింది.

"అన్నా, మళ్లీ పోయింది!"

ఎంటర్ కొట్టేదాకా ఆగాలి కదా అది, చివర షెల్ కమాండు పెట్టాం కదా. పెట్టాం. కానీ గుమాస్తా కబురు కొట్టేది గుంపు మొత్తానికి. లాగ్ చూపించే ప్రోగ్రాంతో పాటు, ఎంటర్ కోసం ఆగాల్సిన షెల్ కూడా ఆ గుంపులోదే. అదీ చచ్చిపోయింది. షెల్ ఆ కబురును పట్టుకుని బతికుండేలా ట్రాప్ అనే లైను ఒకటి రాయాలి. కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.